ఆరు కల్దార్లకు ఏడు హాలీలు

జగ్గయ్యపేటలో బస్సెక్కితే కోదాడ చేరడానికి ఇప్పుడు ఎంతోసేపు పట్టదు. 1948కి ముందు ఆ కాస్త దూరంలోనే రాజ్యం మారేది, సుంకం పడేది, రూపాయి కూడా మారేది. జగ్గయ్యపేట మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక అక్కడ బ్రిటిష్ రాజు బొమ్మ ఉన్న రూపాయి చెల్లేది. కోదాడ నిజాం రాజ్యంలోది, అక్కడ చార్మినార్ బొమ్మ రూపాయి. భాష ఒకటే, బంధుత్వాలు సరిహద్దుకు రెండువైపులా ఉన్నాయి. డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకరి నాణెం ఇంకొకరికి పరాయి దేశపు నాణెమే.

నిజాం నాణేన్ని జనం హాలీ అన్నారు, బ్రిటిష్ నాణేన్ని కల్దారు అన్నారు. సర్కారు కాగితాల్లో ఇవే ఓ.ఎస్., బి.జి. అయ్యాయి, అంటే ఉస్మానియా సిక్కా, బ్రిటిష్ గవర్నమెంటు నాణెం. సరిహద్దు ఊళ్లలో బతికినవాళ్ల రొంటిన ఈ రెండు రకాల చిల్లరా కలిసే ఉండేది. ఏది ఎక్కడ చెల్లుతుందో, ఎంతకు చెల్లుతుందో తెలియకపోతే సంతలో రోజు గడవదు.

తెలుగు నేలకు పరాయి నాణెం కొత్తేమీ కాదు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో 1500కు పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. అయితే అవి విలువైన లోహంగా దాచుకున్నవి, మెడలో వేసుకున్నవి. హాలీ, కల్దారుల సంగతి వేరు. అవి ఉప్పుకీ చింతపండుకీ, కూలికీ శిస్తుకీ రోజూ చేతులు మారిన డబ్బులు. మన చరిత్ర పుస్తకాలు రోమన్ నాణేలకు ఇచ్చిన చోటులో పదో వంతు కూడా వీటికి ఇవ్వలేదు. ఇది సరిదిద్దుకోవలసిన లోటు.

నిజాం రాజ్యంలోనూ ఒకప్పుడు ఒకే రూపాయి లేదు. హైదరాబాదు టంకశాలతో పాటు నారాయణపేట, గద్వాల, వనపర్తి వంటి చోట్లా నాణేలు ముద్రించేవారు. గోవింద్‌బక్షీ అని, బాగ్‌చల్నీ అని రకరకాల రూపాయలుండేవి. తూకం ఒక్కోదానికి ఒక్కో తీరు, వెండి పాలు ఒక్కో తీరు. రూపాయి చేతికొస్తే షావుకారు రాతిమీద మోగించి వినేవాడు, గీటురాయిమీద గీసి చూసేవాడు, ఆ తర్వాతే వట్టం, అంటే మారకంలో కోత, ఎంతో చెప్పేవాడు. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ ఈ ప్రైవేటు టంకశాలలను మూయించి, హైదరాబాదు టంకశాల నాణేన్నే రాజ్యమంతటా ప్రామాణికం చేశాడు. హాలీ సిక్కా అలా స్థిరపడింది. 1857 తిరుగుబాటు దాకా ఆ నాణెం మీద ఢిల్లీ మొగల్ చక్రవర్తి పేరే ఉండేది. ఆ తర్వాతే నిజాముల బిరుదైన అసఫ్‌జా పేరు వచ్చింది.

1903లో సైఫాబాదులో యంత్రాల టంకశాల మొదలైంది. చార్మినార్ బొమ్మ నాణేలు ఆ కాలం నుంచే. చార్మినార్ రూపాయిని చేతిలో పెట్టుకుని పరకాయించి చూడండి. నడుమ నాలుగు మినార్లు నిలబడి ఉంటాయి. చార్మినార్ కమాను కింద ఒక్క అరబ్బీ అక్షరం కనిపిస్తుంది. మహబూబ్ అలీఖాన్ కాలం నాణెమైతే అది 'మీమ్', ఉస్మాన్ అలీఖాన్ కాలందైతే 'ఐన్', అంటే ఆయా నిజాముల పేర్లలో మొదటి అక్షరం. చుట్టూ నిజాముల్ముల్క్ అసఫ్‌జా బహదూర్ అన్న బిరుదు, దానితో 92 అంకె ఉంటాయి. ముహమ్మద్ ప్రవక్త పేరులోని అక్షరాలకు అబ్జద్ లెక్కన వచ్చే మొత్తం అది. వెనకవైపు విలువ, హైదరాబాదు టంకశాల పేరు. ఎటు తిప్పినా తెలుగు అక్షరం ఒక్కటి కూడా కనపడదు.

అదే కాలపు బ్రిటిష్ అణా బిళ్ళ చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1906 తర్వాత వచ్చిన, అంచు వంకులు తిరిగిన ఆ బిళ్ళ మీద విలువను ఇంగ్లీషు, ఉర్దూ, బెంగాలీ, నాగరి అక్షరాలతో పాటు తెలుగులోనూ వేశారు. తెలంగాణ రైతుకు తన రాజు వేయించిన నాణెం మీద కనపడని సొంత లిపి, పరాయి నాణెం మీద కనపడింది. 1918లో నిజాం ప్రభుత్వం కాగితపు నోట్లు తెచ్చినప్పుడు వాటి మీద తెలుగు, మరాఠీ, కన్నడ భాషలకు చోటిచ్చింది. కానీ ఆ రోజుల్లో నూరు రూపాయల నోటు పట్టుకున్న రైతులు ఎంతమంది? వాళ్ల చేతుల్లో ఆడింది పైసలు, అణాలే.

ఇక మారకం. సర్కారు లెక్కలో నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ. పై అంటే అణా కంటే చిన్న చిల్లర. చూడగానే చిక్కులెక్క అనిపిస్తుంది గానీ అసలు సూత్రం తేలిక: ఆరు కల్దార్లు ఇస్తే ఏడు హాలీలు. ఈ నిష్పత్తి వెనక వెండి ఉంది. బ్రిటిష్ రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో దాదాపు 92 శాతం వెండి. చార్మినార్ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి సుమారు 82 శాతం. గుణించి చూస్తే మొదటిదానిలో 10.69 గ్రాముల వెండి, రెండోదానిలో 9.14 గ్రాములు. ఏడుకు ఆరు నిష్పత్తికి ఇది చాలా దగ్గర.

పెద్ద మొత్తాల్లో ఈ లెక్క చక్కగా కుదురుతుంది. చిల్లరలోనే అసలు కష్టం. కల్దారు రూపాయికి హాలీలో 1 రూపాయి 2 అణాల 8 పైలు సరిగ్గా వస్తాయి. హాలీ రూపాయిని కల్దారులోకి మారిస్తే మాత్రం 13 అణాల 8 పైలు వచ్చి, ఇంకా ఒక పైలో ఏడింట నాలుగు వంతులు మిగులుతాయి. అంత చిన్న నాణెం ఏ టంకశాలా వేయలేదు. ఒక్క హాలీ అణా మార్చుకోవలసి వచ్చినా లెక్క తెగదు. ఆ తెగని ముక్క పోయేది మార్చుకున్నవాడికే, మార్చి ఇచ్చినవాడికి కాదు. వేల రూపాయల మిర్చి అమ్మే వ్యాపారికి అది లెక్కలోకి రాదు. పావలా, అర్ధ రూపాయి కూలి తెచ్చుకునే మనిషికి అది ఉప్పుకో కిరసనాయిలుకో పనికొచ్చే డబ్బు. పైగా సర్కారు రేటు ఒకటుంటే షావుకారు వట్టం దాని మీద ఇంకొకటి. రెండు రకాల రూపాయల భారం మోసింది పేదవాడేనన్నది ఈ అంకెలు చెప్పే నిజం.

హైదరాబాదు నగరం లోపల కూడా ఈ సరిహద్దు ఉండేది. సికింద్రాబాదు కంటోన్మెంటులో, నేటి సుల్తాన్ బజారు ప్రాంతమైన రెసిడెన్సీ బజార్లలో ఆంగ్లేయుల అజమాయిషీ, వాళ్ల డబ్బు. అఫ్జల్‌గంజ్ నుంచి కోఠీ వైపు నడిస్తే చాలు, దుకాణంలో అడిగే రూపాయి వేరు. రెసిడెన్సీ బజార్లు 1933లో నిజాంకు తిరిగి వచ్చాయి. రైలు ఈ కలగలుపును ఇంకా పెంచింది. 1889లో బెజవాడ దాకా లైను పడ్డాక మధిర, ఖమ్మం, వరంగల్లు సరుకులు కోస్తాకు, కోస్తా సరుకులు ఇటు సాగాయి. సరుకుతో పాటు చిల్లరా ప్రయాణం చేసింది. ఉస్మానియా సిక్కా నిర్వహణను ముఖ్య బాధ్యతల్లో ఒకటిగా పెట్టుకుని 1941 చట్టంతో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఏర్పడింది. 1942లో గన్‌ఫౌండ్రీలో పని మొదలుపెట్టింది.

ఈ చిల్లర గొడవ చివరకు రెండు ప్రభుత్వాల తగవు దాకా వెళ్లింది. 1947 నవంబరు 29న నిజాం భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. ఆ తర్వాత కొద్ది కాలానికే హైదరాబాదు ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. ఒకటి విలువైన లోహాల ఎగుమతిని కట్టడి చేసింది. రెండోది తన రాజ్యంలో భారత రూపాయి చెల్లదంది. ఇది ఒప్పందాన్ని ఉల్లంఘించడమేనని ఢిల్లీ గట్టిగా అభ్యంతరం చెప్పింది. తరతరాలుగా ఒకే సంచిలో ఉన్న రెండు నాణేల్లో ఒకటి రాత్రికి రాత్రి నేరమైతే, సరిహద్దు ఊళ్లలో రోజువారీ బతుకు ఎంత ఇరుకున పడుతుందో ఊహించవచ్చు.

1948 సెప్టెంబరు పోలీసు చర్యతో రాజ్యం పోయినా హాలీ వెంటనే పోలేదు. భారత రూపాయితో పాటు ఇంకొన్నేళ్లు నడిచింది. 1950ల దశకం ముగిసేసరికి పూర్తిగా తప్పుకుంది. ఈలోగా 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. పదహారణాల రూపాయి నూరు పైసలైంది. ఒక తరం తెలంగాణ జనం పదేళ్ల లోపే రెండుసార్లు లెక్కలు మళ్లీ నేర్చుకున్నారు.

చార్మినార్ రూపాయలు నాణేల అంగళ్లలో ఇప్పటికీ దొరుకుతాయి. సైఫాబాదు పాత టంకశాలలో 2022లో మ్యూజియం కూడా తెరిచారు. నాణేలకు వచ్చిన ముప్పేమీ లేదు. ముప్పల్లా వాటితో బతికిన మనుషుల లెక్కలకే. మధిర, హుజూర్‌నగర్, ఆలంపురం వైపూ, ఇటు నందిగామ, మాచర్ల, కర్నూలు వైపూ పాత ఇళ్ల అటకల మీద హాలీ, కల్దారు అని విడివిడిగా రాసిన చిట్టాలు, ఖాతా పుస్తకాలు ఉండి ఉంటాయి. మీ ఇంట్లో అలాంటివి ఉంటే పాత కాగితాలవాడికి తూకానికి వేయకండి. ఒక్కొక్క పేజీ ఫోటో తీయండి, ఏ ఊరివో, ఎవరి చేతిరాతో రాసి పెట్టండి, వీలైతే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు చూపించండి.