డచ్చివారి స్వాతంత్ర్య సమరము (1568–1648)

ఉత్తర సముద్రతీరమున, సముద్రమట్టమునకు దిగువనున్న నేలను కరకట్టలు పోసి తరతరములుగా కాపాడుకొనుచు, చేపల వేటచేతను, ఉన్నివస్త్రముల నేతచేతను, నౌకావాణిజ్యముచేతను జీవించిన డచ్చి ప్రజలు స్పెయిను రాజుల ఏలుబడిపై తిరుగబడి సలిపిన ఎనుబదియేండ్ల పోరాటమే ఈ సమరము.

ఆ కాలమున నెదర్లాండ్సు పదునేడు సంస్థానముల సముదాయము. అయిదవ చార్లెసు చక్రవర్తి అచ్చటి గెంటు నగరమున జన్మించినవాడగుటచే, అతని పన్నులను, కఠినములైన మతశాసనములను ప్రజలు ఎట్లో సహించిరి. 1555లో అతడు బ్రస్సెల్సు సభామందిరమున, యువకుడైన ఆరెంజి విలియము భుజముపై చేయి ఆనించి నిలిచి, ఆ దేశమును కుమారుడగు రెండవ ఫిలిప్పునకు అప్పగించెను. తండ్రి ఊతగా గొనిన ఆ భుజమే పిదప కుమారునికి ఎదురొడ్డి నిలిచినది.

ఫిలిప్పు స్పెయినునందుండియే శాసించుచు, ప్రొటెస్టెంటులను దండింపజేయుచు, స్థానికసభల చిరకాలపు హక్కులను త్రోసిపుచ్చెను. 1566లో వినతిపత్రము గొనివచ్చిన ప్రభువర్గమును ఒక సభికుడు బిచ్చగాండ్రని ఈసడింపగా, వారు ఆ మాటనే బిరుదముగా ధరించిరని ప్రతీతి. మరుసటి యేట సేనలతో వచ్చిన ఆల్బా ప్రభువు నెలకొల్పిన విచారణసభను జనులు రక్తసభయనిరి. 1568 జూన్ 5న ఎగ్మాంటు, హార్న్ ప్రభువులు బ్రస్సెల్సు నడివీధిలో శిరచ్ఛేదమునకు గురియైరి. అంతటితో నిలువక, సరకు చేయి మారినప్పుడెల్ల పదియవ వంతు పన్ను చెల్లింపవలెనని ఆల్బా పట్టుపట్టుటతో, మతకలహములకు దూరముగానుండిన వర్తకుడును ఎదురు తిరిగెను.

1572 ఏప్రిల్ 1న "సముద్రపు బిచ్చగాండ్రు" బ్రిల్ రేవును పట్టుకొనిరి. ఈ సమరమున లైడెను ముట్టడి ప్రత్యేకముగా పేర్కొనదగినది. 1574లో శత్రువులు చుట్టుముట్టిన ఆ నగరమున ధాన్యము నిండుకొని, ఆకలిచేతను, మహమ్మారిచేతను వేలకొలది జనులు మరణించుచుండ, విలియమును, హాలెండు సభవారును తమ పూర్వులు కట్టిన గట్లను తామే తెగగొట్టింప నిశ్చయించిరి. నీరు పచ్చని పొలములను ముంచెను గాని, లోతు చాలక సహాయనౌకలు నడుమనే నిలిచిపోయెను. వారములు గడచిన పిమ్మట గాలి మారి, పోటు పెరిగి, స్పెయిను దండు చీకటిలో పలాయనమయ్యెను. అక్టోబరు 3న అడుగు చదునైన పడవలు నగరపు కాలువలలో ప్రవేశించి, గట్లపై చేతులు చాచిన జనులకు హెర్రింగు చేపలను, తెల్లరొట్టెలను పంచిపెట్టెను. నేటికిని ఆ దినమున లైడెను వాసులు వానినే ఆరగింతురు. మరుసటి యేటనే అచ్చట విశ్వవిద్యాలయము వెలసెను.

1579లో ఉత్తర సంస్థానములు ఉట్రెక్టు ఒడంబడికచే ఏకమయ్యెను. ప్రభువు ప్రజలకొరకే గాని ప్రజలు ప్రభువుకొరకు కారనియు, పీడించు రాజును విడనాడుట న్యాయమేయనియు 1581 జులై 26న ప్రకటించి వారు ఫిలిప్పును పరిత్యజించిరి. ఐరోపా రాజనీతి చరిత్రలో ఇంతటి ధీరవాక్యము అరుదు. 1584లో డెల్ఫ్టునందు హంతకుని తుపాకిగుండునకు విలియము బలియయ్యెను. అతని కుమారుడు మారిసు సేనలను నడపెను.

యుద్ధము సాగుచుండగనే 1602లో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఏర్పడి, 1605 నాటికే మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పెను. బందరులోని వలందపాలెము పేరు ఆ హాలెండువారిదే. పరపాలనను సహింపని ఆ జాతియే జావా మున్నగు ద్వీపములపై పరపాలన నెరపుట మిక్కిలి శోచనీయము.

1609 మొదలు పండ్రెండేండ్లు సంధి నడచి, మరల రణము రగిలి, తుదకు 1648లో మ్యున్‌స్టరు సంధిచే స్పెయిను డచ్చి గణరాజ్యపు స్వాతంత్ర్యమును అంగీకరించెను. తొలినాళ్ల తిరుగుబాటునకు ఆటపట్టులైన బ్రస్సెల్సు, గెంటు, ఆంట్వెర్పు నగరములు మాత్రము స్పెయిను ఏలుబడిలోనే మిగిలిపోయెను.