విద్యుత్ సంస్కరణలు – 2000 నాటి ప్రజోద్యమం

విద్యుత్ ఛార్జీల నిర్ణయాన్ని రాజకీయాలకు దూరంగా ఉంచడం 1998 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం ఉద్దేశాలలో ఒకటి. ప్రపంచబ్యాంకు రుణంతో సాగిన ఈ సంస్కరణలలో భాగంగా 1999లో విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. ఛార్జీలను నిర్ణయించే అధికారం నియంత్రణ మండలికి సంక్రమించింది.

అయితే 2000లో ఛార్జీలు పెరిగినప్పుడు గృహ వినియోగదారులు, రైతులు నిలదీసింది మండలిని కాదు, ప్రభుత్వాన్నే. వామపక్షాలు, కాంగ్రెసు పాల్గొన్న ఆ ఉద్యమంలో ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు జరిపిన కాల్పులు ప్రాణాలను బలిగొన్నాయి.

2004లో అధికారం మారిన వెంటనే వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటితమైంది. దానితో రైతు భారం బిల్లు నుండి బడ్జెట్టుకు మారింది. గృహ వినియోగదారునికి అటువంటి మినహాయింపు దక్కలేదు. ఛార్జీల నిర్ణయం మండలికి చేరినా, దాని న్యాయాన్యాయ విచారణ ప్రజాక్షేత్రంలోనే నిలిచిందని ఈ పరిణామం స్పష్టపరుస్తున్నది.