జీవో 3: ముప్ఫై నాలుగేళ్ల కాగితం కథ

మన్యంలో ఏ సభ జరిగినా, ఏ ర్యాలీ నడిచినా ఒక నినాదం తప్పకుండా వినిపిస్తుంది. "జీవో నెంబర్ 3 పునరుద్ధరించాలి." మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా అది కంఠతా వచ్చు. ఆ జీవోలో ఏముంది, ఎందుకు వచ్చింది, సుప్రీంకోర్టు దాన్ని ఎందుకు కొట్టేసింది అని అడిగితే మాత్రం డిగ్రీ చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా తడబడతారు. తప్పు వాళ్లది కాదు. ఈ కథను మొదటి నుంచి వరసగా చెప్పినవాళ్లు తక్కువ. సంచికలో నాకిచ్చిన చోటును అందుకే దీనికి వాడుకుంటున్నాను.

కథ 2000లో మొదలు కాలేదు. 1986 నవంబర్ 5న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో నెంబర్ 275 ఇచ్చింది. రాజ్యాంగం ఐదో షెడ్యూలులోని 5(1) పేరా కింద గవర్నర్‌కు ఉన్న అధికారంతో ఇచ్చిన ఉత్తర్వు అది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని బడుల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలు గిరిజనులకే అన్నది దాని సారాంశం. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో జీవో 73తో కొంచెం సడలించారు. అర్హత ఉన్న గిరిజన అభ్యర్థులు దొరికేదాకా ఇతరులను తీసుకోవచ్చన్నారు.

ఇలాంటి ఉత్తర్వు ఎందుకు అవసరమైందో మీ వయసువాళ్లకు ఊహకు అందదు. నా చిన్నప్పుడు మా బడికి మైదానం నుంచి వచ్చే మాస్టారు సోమవారం మధ్యాహ్నం బస్సు దిగేవారు. గురువారం మా ఊళ్లవాళ్లు సంతకు బయలుదేరితే వాళ్లతో పాటే కొండ దిగిపోయేవారు. వానాకాలం గెడ్డ పొంగితే అదీ లేదు. ఆయన చెడ్డవాడని అనను. కుటుంబం ఒకచోట, ఉద్యోగం ఒకచోట, మలేరియా ఉన్న ఊరు. ఆయన ఇబ్బందులు ఆయనవి. కానీ మా చదువు వారానికి రెండున్నర రోజులు నడిచింది. ప్రభుత్వం తర్వాత కోర్టులో చెప్పుకున్న మొదటి కారణం కూడా ఇదే: ఏజెన్సీ బడులకు టీచర్లు రావడం లేదు, పిల్లలు మధ్యలో మానేస్తున్నారు.

రెండో సంగతి భాష. ఒకటో తరగతిలో చేరిన కువి పిల్లకు "కూర్చో" అంటే ఏమిటో తెలియక నిలబడే ఉంటుంది. చెప్పిన మాట వినని మొండిదని టీచరు అనుకుంటారు. పదో రోజుకల్లా ఆ పిల్ల బడికి రాదు. రిజిస్టరులో మాత్రం ఏడాదంతా ఉంటుంది. 1991 జనాభా లెక్కల్లో మన రాష్ట్రంలో గిరిజనుల అక్షరాస్యత 17.16 శాతం. అప్పటికి దేశంలో గిరిజనుల సగటు 29.60. మనం ఎంత వెనుక నిలబడ్డామో ఆ రెండు అంకెలూ చెబుతాయి.

మన పిల్లలకు మనవాళ్లే పాఠం చెప్పాలన్న ఆలోచన కూడా 1986లో కొత్తగా పుట్టలేదు. నిజాం కాలంలో, 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడయ్యాక, ఆదిలాబాద్ గోండుల పరిస్థితిని అధ్యయనం చేసే పని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన సూచనతో 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టారు. గోండిలోనే వాచకాలు తయారుచేశారు. చదువు రాని ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు అక్కడ నేర్చుకుని, వెళ్లి తమవాళ్లకు నేర్పారు. హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి. ఉట్నూరు వైపు వెళ్లినప్పుడు తప్పక చూడండి.

మళ్లీ మన జీవో దగ్గరకు వద్దాం. 275ను కొందరు సవాలు చేశారు. 1989 ఆగస్టులో రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అప్పీలు ఏళ్ల తరబడి నడిచాక, 1998లో ప్రభుత్వమే దాన్ని వెనక్కి తీసుకుంది. దాని స్థానంలో 2000 జనవరి 10న వచ్చిందే జీవో నెంబర్ 3. షెడ్యూల్డ్ ప్రాంత బడుల్లో టీచరు పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే, వాటిలో మూడో వంతు మహిళలకు. స్థానికులంటే తాము గానీ తల్లిదండ్రులు గానీ 1950 జనవరి 26 నుంచి షెడ్యూల్డ్ ప్రాంతంలోనే నివసిస్తున్నవారు. ఈ చివరి షరతును గుర్తుపెట్టుకోండి, దాని మాట మళ్లీ వస్తుంది.

దీన్నీ ట్రిబ్యునల్ కొట్టేసింది. 2001లో హైకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరి మెజారిటీతో నిలబెట్టింది. వ్యవహారం మళ్లీ సుప్రీంకోర్టుకెక్కింది. 2016లో రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. ఈలోగా కొండ మీద ఏం జరిగిందంటే, జీవో 3 పని చేసింది. డైట్‌లో, బీఈడీలో నాతో చదివిన ఆడపిల్లలు టీచర్లయ్యారు. ఊళ్లో మొదటి సర్కారు జీతం అందుకున్నది కూతురే అయిన ఇళ్లు నాకు తెలుసు. 2001లో రాష్ట్ర గిరిజన అక్షరాస్యత 37.04 శాతానికి, 2011లో 49.21 శాతానికి వచ్చింది. ఇదంతా ఒక్క జీవో పుణ్యమే అనడం సరికాదు. ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు, రోడ్లు, మధ్యాహ్న భోజనం, 2004 నుంచి సవర, కువి, కొండ, కోయ, గోండి వంటి ఎనిమిది భాషల్లో మొదలైన మాతృభాషా బోధన, అన్నీ కలిశాయి. అయినా ఆ పుస్తకాలను తరగతిలో తెరవడానికి ఆ భాష వచ్చిన మనిషి ఉండాలి కదా!

2020 ఏప్రిల్ 22, లాక్‌డౌన్ రోజులు. హాస్టళ్లు ఖాళీగా ఉన్నాయి. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో తీర్పిచ్చింది. జీవో 3 చెల్లదంది. మనం తీర్పును తిట్టాం గానీ చదివినవాళ్లు కొద్దిమందే. అందులో మనకు పనికొచ్చే సంగతులు చెబుతాను.

ఒకటి, 5(1) పేరా కింద గవర్నర్ చేయగలిగింది ఏమిటంటే, పార్లమెంటు లేదా శాసనసభ చేసిన ఫలానా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదనో, ఫలానా మార్పుతో వర్తిస్తుందనో చెప్పడం. కొత్త చట్టం లాంటిది చేయాలంటే 5(2) కింద రెగ్యులేషన్ రావాలి. దానికి గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం పొందాలి. జీవో 3 ఆ దారిలో వచ్చింది కాదు. ఉద్యోగ నియామక నిబంధనలను మార్చడానికి 5(1) సరిపోదని కోర్టు తేల్చింది. ఇంకొకటి, ఐదో షెడ్యూలు అధికారం ప్రాథమిక హక్కులకు లోబడే ఉంటుందని, నూటికి నూరు రిజర్వేషన్ కుదరదని, యాభై శాతం హద్దు ఇక్కడా వర్తిస్తుందని చెప్పింది. 371డి అధికరణం కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల్లో స్థానికతకు జిల్లాయే లెక్క. జీవో 3 జిల్లా లోపల ఇంకో గీత గీసింది. దానివల్ల నష్టపోయినవాళ్లలో షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉన్న గిరిజనులూ ఉన్నారు. 1950 షరతు కూడా అసమంజసమంది. నిజం చెప్పాలంటే ఈ షరతు మనవాళ్లనే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. పోడు కోసం కొండ మారినవాళ్లు, ప్రాజెక్టులకు ఊళ్లు పోయినవాళ్లు 1950 నాటి కాగితం ఎక్కడి నుంచి తెస్తారు?

గిరిజనులకు గిరిజనులే బోధించాలనుకోవడం తప్పుడు ఆలోచన అన్నట్టుగా ఆ తీర్పులో కటువైన మాట ఉంది. ఆ మాటతో నేను ఏకీభవించను. చదువు చెప్పడానికి కులం అడ్డు కాదు, నిజమే. మా హాస్టల్ పిల్లలకు లెక్కలు బాగా వంటబట్టించిన మైదానపు టీచరమ్మలు ఉన్నారు. కానీ జీవో వచ్చింది ఎవరినీ దూరం పెట్టడానికి కాదు. రాని టీచరు స్థానంలో ఊళ్లో ఉండే టీచరు కోసం వచ్చింది. ఈ తేడా కోర్టు ముందు బలంగా నిలబడలేదు.

ఇక అసలు సంగతి. ఆ తీర్పు చివర ఒక షరతు ఉంది. అప్పటిదాకా జరిగిన నియామకాలను కోర్టు రద్దు చేయలేదు. కానీ రెండు తెలుగు రాష్ట్రాలు మళ్లీ ఇలాంటి ప్రయత్నం చేసి రిజర్వేషన్ హద్దు దాటితే, 1986 నుంచి జరిగిన నియామకాలకు ఆ రక్షణ ఉండదంది. పైగా రెండు ప్రభుత్వాలూ కలిసి ఐదు లక్షల రూపాయల ఖర్చులు కట్టాలంది. అర్థమైందా? జీవో 3ను ఉన్నది ఉన్నట్టుగా మళ్లీ ఇస్తే, కొత్త పిల్లలకు ఉద్యోగం వచ్చే మాట అటుంచి, ఇప్పుడు బడిలో పాఠం చెబుతున్న మన అక్కల, అన్నల ఉద్యోగాలకే ముప్పు. ఎన్నికల సభల్లో ఈ వాక్యం ఎవరూ చదివి వినిపించరు. మనమే చదువుకోవాలి.

దీన్ని మన భూమి చట్టంతో పోల్చి చూడండి. 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపు చట్టం, 1959లో ఒకటో నెంబర్ రెగ్యులేషన్, 1970లో దానికి సవరణ. ఆ సవరణనే మనం 1/70 అంటాం. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచే వచ్చిందని భావించాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే అంటుంది ఆ చట్టం. దాన్నీ కోర్టుల్లో సవాలు చేశారు. 1988లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. 1997లో, అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ గనుల లీజుల నుంచి పుట్టిన సమత కేసులో, ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంత భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదంది. 2025 ఫిబ్రవరిలో పర్యాటకం కోసం 1/70 సవరించాలన్న మాట ఒకటి బయటికి రాగానే మన్యం బంద్ అయింది. సవరించేది లేదని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. భూమి చట్టం 5(2) దారిలో రెగ్యులేషన్‌గా నడిచింది. ఉద్యోగాల మాట జీవోగా మిగిలింది. రెగ్యులేషన్ చేసి ఉంటే నూటికి నూరు నిలిచేదని నేను చెప్పను. ప్రాథమిక హక్కుల ముందు అదీ నిలవదు. నూరు కాకపోయినా కొంతకైనా గట్టి పునాది ఉండేది.

జీవో పోయాక మిగిలింది మామూలు రోస్టరు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలకు 6 శాతం, తెలంగాణలో 2022 నుంచి 10 శాతం. 2024లో తెలంగాణ డీఎస్సీ 11,062 పోస్టులతో, 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీ 16,347 పోస్టులతో వచ్చాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పది మందిలో ఎనిమిది మందికి పైగా గిరిజనులే. అక్కడి బడికి వచ్చే పోస్టులో ఆ పది మంది పిల్లల భాష వచ్చినవాళ్ల వాటా నూటికి ఆరు. ఏజెన్సీకి ప్రత్యేక డీఎస్సీ కావాలని ఆ వేసవిలో మన్యంలో మళ్లీ బంద్ పాటించారు. మా హాస్టల్లో చదివి డీఈడీ పూర్తి చేసిన ఒకమ్మాయి నోటిఫికేషన్ పట్టుకొచ్చి, "మేడమ్, మన మండలంలో మనకు ఎన్ని?" అని అడిగింది. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. ఆమె సబ్జెక్టులో ఒక్కటీ తేలలేదు.

మరి ఏం అడగాలి? నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. తీర్పు నూరు శాతం వద్దంది గానీ, ఆరుకే ఆగిపొమ్మని ఎక్కడా అనలేదు. హద్దు లోపల ఏజెన్సీకి వేరే శాతం పెట్టే పని 5(2) దారిలో, సలహా మండలి తీర్మానంతో, సాక్ష్యాధారాలతో చేయమని అడగాలి. చిన్న తరగతుల పోస్టులకు స్థానిక గిరిజన భాష రావడాన్ని అర్హతగా పెట్టమనాలి. అది కులం చూసే నిబంధన కాదు, పిల్లను చూసే నిబంధన. కువి నేర్చుకుని వచ్చే మైదానపు టీచరు ఉంటే సంతోషంగా రానిద్దాం. మూడో మాట పీసా గురించి. 1996 నాటి ఆ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు, పంచాయతీలకు సామాజిక రంగ సంస్థల మీద, ఉద్యోగుల మీద అదుపు ఇవ్వాలంటుంది. మన దగ్గర నియమాలు 2011లో వచ్చాయి. గ్రామసభలో బడి గురించి మీ ఊళ్లో చివరిసారి ఎప్పుడు చర్చించారో ఒకసారి అడిగి చూడండి. టీచరు నెలలో ఎన్ని రోజులు వచ్చారో తీర్మానం పుస్తకంలో రాసిన ఊరు ఉంటే, అది రేపు కోర్టులోనైనా సలహా మండలిలోనైనా సాక్ష్యం అవుతుంది. 1986లో మనకు అలాంటి సాక్ష్యాలు లేవు, ప్రభుత్వం మాటే సాక్ష్యం అయింది.

ఇందులో ఒక తొందర ఉంది. 275 వచ్చిన రోజుల్లో ఇరవై ఐదేళ్లకు చేరిన టీచర్లు ఇప్పుడు రిటైరవుతున్నారు. జీవో 3 కింద మొదట్లో చేరినవాళ్లకు ఇంకా పది పదిహేనేళ్ల సర్వీసు మాత్రమే ఉంది. వాళ్లు దిగిపోయిన ప్రతి కుర్చీ, నిబంధన మారకపోతే, మామూలు రోస్టరులో పడుతుంది. ఈ ఏడాది మన మండలంలో ఎంతమంది గిరిజన టీచర్లు రిటైరవుతున్నారో, ఆ ఖాళీలు ఎవరితో నింపుతున్నారో ఎంఈవో ఆఫీసులో అడిగి తెలుసుకోవచ్చు. అడగడానికి సమాచార హక్కు దరఖాస్తు, ఐదు రూపాయల ఫీజు చాలు.