లిస్బన్ భూకంపం, 1755: దేవుడు కీడును ఎందుకు అనుమతిస్తాడన్న వాదం

గత భాగంలో మీరు జ్ఞానోదయ యుగపు ఆలోచనాపరుల గురించి చదివారు. వారి రచనలలో రాజులు, యుద్ధాలతో పాటు ఒక భూకంపం కూడా పదే పదే కనిపిస్తుంది. అది 1755లో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌ను కూల్చిన భూకంపం. చాలా పాఠ్యపుస్తకాలు దాన్ని రెండు వాక్యాలలో ముగిస్తాయి: భూకంపం వచ్చింది, దేవుని మీద యూరప్ ప్రజల విశ్వాసం సడలింది అని. మొదటి వాక్యంతో పేచీ లేదు. రెండోదాన్ని మాత్రం మనం కొంచెం ఆగి పరిశీలించాలి.

ముందు ఆ రోజు జరిగినదేమిటో చూద్దాం. నవంబరు 1 కథోలికులకు సకల పునీతుల పండుగ. ఆ ఏడాది అది శనివారం నాడు వచ్చింది. ఉదయం తొమ్మిదిన్నర దాటే వేళకు చర్చీలు పూజకు వచ్చినవారితో నిండి ఉన్నాయి. బలిపీఠాల మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. భూమి కొన్ని నిమిషాల పాటు కంపించింది. రాతి కప్పులు భక్తుల మీద కూలాయి. బయటపడినవారు ఖాళీ స్థలం వెతుక్కుంటూ టేగస్ నది ఒడ్డుకు పరుగెత్తారు. కొంతసేపటికి సముద్రం ఎత్తైన అలలుగా నదిలోకి చొచ్చుకువచ్చి వారిలో ఎందరినో ఈడ్చుకుపోయింది. పడిపోయిన కొవ్వొత్తుల నుంచి, వంటింటి పొయ్యిల నుంచి లేచిన మంటలు అయిదారు రోజులు ఆరలేదు. మృతుల సంఖ్య గురించి ఏకాభిప్రాయం లేదు. 30,000 నుంచి 60,000 దాకా అంచనాలున్నాయి. రాజభవనం, అందులోని 70,000 సంపుటాల గ్రంథాలయం, ఆ సంవత్సరమే తలుపులు తెరిచిన ఒపేరా భవనం నాశనమయ్యాయి. వేశ్యాగృహాలుండే వీధులు మాత్రం అంతగా దెబ్బతినలేదని అప్పట్లోనే జనం చెప్పుకున్నారు.

పండుగ రోజు, పూజ వేళ, భక్తికి పేరుపడ్డ నగరం. ఈ మూడూ కలవడం వల్లనే ఈ భూకంపం ఒక తత్వ సమస్యగా మారింది.

సమస్య ఏమిటి?

సమస్య పాతదే. దేవుడు సర్వశక్తిమంతుడు, దేవుడు సంపూర్ణంగా మంచివాడు, లోకంలో కీడు ఉంది. ఈ మూడు మాటలను కలిపి నమ్మడం ఎలా? మీలో చాలామందికి వెంటనే ‘కర్మ’ అన్న మాట తోచవచ్చు. మన ఇళ్లలో కష్టం వచ్చినప్పుడు వినిపించే జవాబు అదే కదా. కానీ క్రైస్తవ సిద్ధాంతంలో పూర్వజన్మ లేదు. ఉన్నది ఒకే జీవితం. కాబట్టి పసిబిడ్డ మరణానికి వెనుకటి జన్మలో కారణం వెతికే వీలు లేదు. క్రైస్తవ వేదాంతులకు ఈ ప్రశ్న అంత బరువుగా ఎందుకు తగిలిందో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

పాశ్చాత్య క్రైస్తవ మతంలో దీనికి బాగా ప్రభావం చూపిన సమాధానం అగస్టీన్‌ది. ఆయన ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరపు బిషప్. యౌవనంలో చాలా ఏళ్లు మానికేయ మతాన్ని అనుసరించాడు. వెలుగు, చీకటి అనే రెండు శక్తుల పోరాటమే లోకమని ఆ మతం చెబుతుంది. దాన్ని విడిచిపెట్టాక ఆయన కీడుకు సొంత అస్తిత్వం లేదన్నాడు. గుడ్డితనమంటే చూపు లేకపోవడమే, అలాగే కీడు అంటే ఉండవలసిన మంచి లేకపోవడం. దేవుడిచ్చిన స్వేచ్ఛను మనిషి దుర్వినియోగం చేయడం వల్ల ఆ లోపం లోకంలోకి వచ్చింది. 410లో అలారిక్ నాయకత్వంలో గోతులు రోమ్ నగరాన్ని దోచినప్పుడు, పాత దేవతలను వదిలినందుకే ఈ గతి పట్టిందని కొందరన్నారు. అగస్టీన్ వారికి జవాబుగా 413 నుంచి 426 వరకు ‘దైవ నగరం’ అనే పెద్ద గ్రంథాన్ని రాశాడు. ఆ దోపిడీలో మంచివారూ చెడ్డవారూ ఒకే రకంగా నష్టపోయారని, నష్టాన్ని చూసి మనిషి పాపపుణ్యాలను లెక్కకట్టలేమని అందులో వాదించాడు. ఈ మాటను గుర్తుంచుకోండి. లిస్బన్‌లో చాలామంది దీన్ని మరిచిపోయారు.

స్వేచ్ఛ వాదం హత్యకూ దోపిడీకీ సరిపోతుంది. భూకంపానికి సరిపోతుందా? అగస్టీన్ తొలి మానవుల పతనాన్ని, దాని ఫలితంగా మనిషి జాతికి వచ్చిన శిక్షను చూపి ఆ ఖాళీని పూరించాడు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల పాఠకులకు అది చాలలేదు. 1710లో జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ ‘థియోడసీ’ అనే పుస్తకం ప్రకటించాడు. దేవుడు, న్యాయం అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలను కలిపి ఆయనే ఆ పదాన్ని కూర్చాడు. సాధ్యమైన లోకాలన్నిటిలోనూ ఉత్తమమైనదాన్నే దేవుడు సృష్టించాడని, విడివిడిగా కీడుగా కనిపించేది మొత్తంలో అవసరమై ఉంటుందని ఆయన వాదం. ఆ పుస్తకం వచ్చిన 45 ఏళ్లకు లిస్బన్ కూలింది.

ఎవరి పాపానికి శిక్ష?

భూకంపం దేవుడు విధించిన శిక్ష అన్నది ఆనాడు అందరికంటే ముందు వినిపించిన జవాబు. అయితే ఏ పాపానికి? ఇక్కడ పత్రాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఇంగ్లండులో జాన్ వెస్లీ 1755లోనే ఒక కరపత్రం రాసి, పోర్చుగల్‌లో ఇంక్విజిషన్ చిందించిన రక్తాన్ని గుర్తు చేశాడు. ఫ్రాన్స్‌లో జాన్సెనిస్టులు జెసూయిట్ల పాపాలను ఎత్తిచూపారు. లిస్బన్‌లోని జెసూయిట్ గురువు గాబ్రియేల్ మలగ్రీదా నాటకాలు, నృత్యాలు, ఎద్దుల పోటీలే కారణమన్నాడు. ఒకే భూకంపానికి ఇన్ని కారణాలు. ప్రతి పట్టికలోనూ ఉన్నది ఎదుటివారి పాపమే. చరిత్ర విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠ్యవస్తువు దొరకదని నా అభిప్రాయం. ఈ రచనల నుంచి దేవుని ఉద్దేశం మనకు తెలియదు గానీ, రాసినవారు ఎవరితో తగవులో ఉన్నారో స్పష్టంగా తెలుస్తుంది.

మలగ్రీదా సామాన్యుడు కాడు. ఇటలీలో పుట్టి, ఉత్తర బ్రెజిల్‌లో దశాబ్దాల పాటు మతప్రచారం చేసినవాడు. ప్రజలు ఆయన్ని పునీతుడిగా చూసేవారు. 1756లో అచ్చయిన కరపత్రంలో ఆయన, భూకంపానికి ప్రకృతి కారణాలున్నాయని చెప్పడమే తప్పు అన్నాడు. జనం గుడిసెలు కట్టుకునే పనిలో మునిగిపోవడాన్ని ఆక్షేపించాడు. పశ్చాత్తాపం, ఉపవాసం, ప్రార్థన ముందు జరగాలన్నాడు.

అదే సమయంలో నగరాన్ని నిలబెట్టే బాధ్యత మంత్రి కార్వాల్యో మీద పడింది. తర్వాతి కాలంలో పొంబాల్ ప్రభువుగా మనకు తెలిసినవాడు ఈయనే. అంటురోగాలు రాకుండా శవాలను పడవలలో తీసుకెళ్లి సముద్రంలో వదలాలని ఆయన నిర్ణయించాడు. మతసంస్కారం లేని ఈ పద్ధతికి లిస్బన్ మతాధిపతి సమ్మతించాడు. దోపిడీదారులను భయపెట్టడానికి ఉరికొయ్యలు నిలబెట్టారు. ధాన్యం ధరలను అదుపు చేశారు. ఆ స్థితిలో, కట్టడం కంటే ఏడవడమే ముఖ్యమని ప్రజలు నమ్మే ఒక గురువు చెబితే ఏమవుతుందో ఊహించండి. కారణం చెప్పే అధికారం ఎవరిదో, జనం రేపు ఏం చేయాలో చెప్పే అధికారం కూడా వారిదే. కార్వాల్యో మలగ్రీదాను సెతూబల్ పట్టణానికి పంపివేశాడు. 1758లో రాజు మీద హత్యాయత్నం జరిగాక జెసూయిట్ల మీద కక్ష ముదిరింది. 1759లో వారిని దేశం నుంచి బహిష్కరించారు. మలగ్రీదా జైలులో రాసిన రాతలలో మతద్రోహం ఉందని, మంత్రి సొంత తమ్ముడు అధిపతిగా ఉన్న ఇంక్విజిషన్ తీర్పు చెప్పింది. 1761 సెప్టెంబరు 21న, 72 ఏళ్ల ఆ వృద్ధుణ్ణి లిస్బన్ నడిబొడ్డున గొంతు బిగించి చంపి, శవాన్ని దహనం చేశారు. ‘హేతువాదం గెలిచింది’ అని రాసే పుస్తకాలు ఈ ఘట్టాన్ని త్వరగా దాటేస్తాయి. భూకంపం ప్రకృతి చేసిన కీడు, నిజమే. ఇది మాత్రం మనుషులు చేసినది.

వోల్టేర్, రూసో

వోల్టేర్ నెలరోజుల వ్యవధిలోనే లిస్బన్ మీద ఒక దీర్ఘ కవిత రాశాడు. లిస్బన్‌లో పాపం పారిస్, లండన్ నగరాలలో కంటే ఎక్కువా అన్నది ఆయన శిక్షావాదులకు వేసిన ప్రశ్న. చనిపోయిన పసిపిల్లల సంగతేమిటన్నది లైబ్నిజ్ అనుచరులకు వేసిన ప్రశ్న. 1759 నాటి ‘కాండీడ్’ నవలలో ఆ ఆశావాదాన్నే ఎగతాళి చేశాడు. ఒక్క సంగతి గమనించండి: వోల్టేర్ నాస్తికుడు కాడు. ఆయన తిరస్కరించింది దేవుణ్ణి కాదు, దేవుని తరఫున తేలిగ్గా జవాబు చెప్పేవారిని.

రూసో 1756 ఆగస్టులో ఆయనకు ఒక ఉత్తరం రాశాడు. ఆ నగరంలో ఆరేడు అంతస్తుల ఇళ్లను వేల సంఖ్యలో ఇరుకుగా కట్టింది ప్రకృతి కాదు కదా అన్నాడు. సామాను కోసం లోపలికి తిరిగి వెళ్లి చనిపోయినవారినీ ప్రస్తావించాడు. దైవసంరక్షణను సమర్థించడానికి రాసిన ఈ ఉత్తరంలోనే, విపత్తు నష్టంలో మనిషి నిర్ణయాల పాత్ర ఎంత అన్న నేటి ప్రశ్న ఉంది. అగస్టీన్ స్వేచ్ఛ వాదం ఇక్కడ ఇళ్ల కట్టుబడి దాకా వచ్చింది. అయినా రూసో మాటతో లెక్క పూర్తిగా తేలదు. గట్టిగా కట్టిన చర్చి కింద కూడా జనం చనిపోయారు.

క్రైస్తవ గ్రంథాలే శిక్షావాదాన్ని అంగీకరించవన్నది పరీక్షలో చాలామంది రాయని అంశం. లూకా సువార్తలో సిలోయములోని గోపురం కూలి 18 మంది చనిపోయిన ప్రస్తావన ఉంది. వారు మిగతావారికంటే పెద్ద పాపులని అనుకోవద్దని యేసు అక్కడ చెబుతాడు. అయితే వెంటనే, వింటున్నవారినే మారుమనస్సు పొందమంటాడు. మలగ్రీదా, వెస్లీ ఈ రెండో సగాన్ని పట్టుకున్నారు. యోబు గ్రంథంలోనూ అంతే. నీవు పాపం చేసి ఉంటావని నిందించిన స్నేహితులనే చివరకు దేవుడు తప్పుపడతాడు. భూకంపాల మీద 1756లో మూడు వ్యాసాలు రాసిన కాంట్, 1791లో మళ్లీ ఈ సమస్యకు వచ్చి, దేవుణ్ణి సమర్థించడానికి తత్వశాస్త్రం చేసిన ప్రయత్నాలన్నీ విఫలమయ్యాయన్నాడు. స్నేహితుల భక్తి మాటలకంటే యోబు నిజాయితీయే గొప్పదన్నాడు. ఆ కాంట్ కూడా విశ్వాసాన్ని వదిలిన మనిషి కాడు. అందుకే ‘విశ్వాసం సడలింది’ అనే వాక్యం తొందరపాటు. సడలింది ఒక రకమైన జవాబు మీద నమ్మకం.

లిస్బన్ పల్లపు భాగాన్ని తిన్నని వీధులతో తిరిగి కట్టారు. గోడల లోపల కర్రల చట్రం పెట్టారు. దాన్ని పోర్చుగీసులో పంజరం అనే అర్థమిచ్చే ‘గయోలా’ అంటారు. 1756 తొలి నెలల్లో ప్రభుత్వం దేశమంతటికీ ఒక ప్రశ్నావళి పంపింది. కంపనం ఎంతసేపు ఉంది, ఎందరు చనిపోయారు, సముద్రం ముందు పెరిగిందా తగ్గిందా, నిప్పు అంటుకుందా వంటి ప్రశ్నలు అందులో ఉన్నాయి. ఏ పాపం వల్ల అన్న ప్రశ్న లేదు. ఆ ప్రశ్నావళికి ఊరూరా కూర్చుని జవాబులు రాసినవారు చర్చి గురువులే. మిగిలి ఉన్న ఆ కాగితాలను భూకంప శాస్త్రజ్ఞులు నేటికీ ఉపయోగిస్తున్నారు.