స్టాక్‌హోము రేవులో ఒక ప్రార్థనాగది

1617వ సంవత్సరమున స్వీడనుకును రష్యాకును స్టోల్బోవో అను గ్రామమున సంధి కుదిరెను. రష్యా బాల్టికు సముద్రతీరమును కోల్పోయెను. అయినను దాని వర్తకులకు స్వీడను రాజధానియగు స్టాక్‌హోములో వ్యాపారపు హక్కును, ఒక విడిదియు లభించెను. వారు తోళ్లు, అవిసెనార, పశువుల కొవ్వు తెచ్చి, రాగియు ఇనుమును కొనిపోవుచుండిరి.

ఆ సంధిలో మరియొక మాటయు గలదు. స్వీడను లూథరను రాజ్యము. ఇతర శాఖల బహిరంగారాధనను అది సహింపలేదు. ఈ వర్తకులు మాత్రము తమ గదులలో తమ ఆర్థొడాక్సు క్రమము చొప్పున ఆరాధించుకొనవచ్చును. క్రొత్త ఆలయము కట్టరాదు. గోపురము లేదు. సరకుల కొట్లు గల ఆవరణమే వారికి దేవుని సన్నిధి ఆయెను.

1700లో మరల యుద్ధము పుట్టి 1721 వరకు సాగెను. వర్తకము చెదరెను. సంధి పిమ్మట ఆరాధన తిరిగి నిలిచెను. తుదకు 1907లో ఆ నగరమున రష్యా సంఘమునకు క్రీస్తు రూపాంతర ఆలయము ప్రతిష్ఠింపబడెను. నాటి సంధినే ఆ సంఘము తన ఆరంభముగా ఎంచుచున్నది. వర్తకుల విడిదియో, నేడు రిస్‌గోర్డెన్, అనగా రష్యనుల ఆవరణము, అను ఒక కూడలి పేరుగా మిగిలెను.

లాభము గతించెను, ప్రార్థన నిలిచెను. జీవనోపాధికై దూరదేశములకు పోవు మన బిడ్డలు బసతోపాటు ప్రార్థనకు చోటును వెదకుకొనుచున్నారా? సాగనంపునపుడు మనము వారికి ఆ మాట చెప్పుచున్నామా?