సింగరేణి బొగ్గు ధర: రామగుండం చరిత్ర

రామగుండం బొగ్గు ధర చరిత్ర గోదావరి ఒడ్డున కంటే ముందు గల్ఫ్‌లో మలుపు తిరిగింది. 1973లో బ్యారెల్‌కు 3 డాలర్ల దగ్గరున్న చమురు ధరను ఒపెక్ దేశాలు 1974 జనవరి నాటికి 11 డాలర్లు దాటించాయి. ఆ దెబ్బకు భారత ప్రభుత్వం సొంత ఇంధనం వెతుక్కుంది. 1974లో ఇంధన విధాన కమిటీ బొగ్గుకే పెద్దపీట వేయమంది. 1975లో ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్‌టీపీసీ పుట్టింది, 1978లో రామగుండం విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1980లో బొగ్గు నుంచే యూరియా తీసే ఎరువుల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. అంటే చమురు అమ్మేవాళ్లు ధర పెంచి తమకు తామే పోటీదారును తయారు చేసుకున్నారు. ఉత్తర సముద్రం, అలాస్కాల చమురు కూడా ఆ ధర వల్లే గిట్టుబాటైంది. 1986లో ధర 10 డాలర్ల దాకా కూలడంలో ఈ పోటీకీ, కొనేవాళ్ల పొదుపుకూ వాటా ఉంది.

ఇక్కడి గనులు నడిపే సింగరేణి సంస్థకు ఒపెక్‌లా ధర శాసించే బలం ఎన్నడూ లేదని అభ్యంతరం చెప్పవచ్చు. అది నిజమే. 2000 వరకు విద్యుత్ కేంద్రాలు వాడే నాసిరకం బొగ్గు ధరను కేంద్రమే నిర్ణయించేది. ఖర్చుకు తగ్గ ధర రాక, సమ్మెలు కూడా తోడై, 1992లో సంస్థ ఖాయిలా పరిశ్రమల బోర్డు బీఐఎఫ్‌ఆర్ గడప తొక్కింది. చౌక ధర కొనేవాళ్లను కాపాడిందా అంటే, అదీ పూర్తిగా లేదు. బొగ్గుతో నడిచే ఆ ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. కారణం ధర కాదు, గ్యాసిఫికేషన్ సాంకేతికత సతాయించడం, కరెంటు కొరత. కానీ అదే స్థలంలో 2021లో ఉత్పత్తి ప్రారంభించిన కొత్త ఎరువుల కర్మాగారం ఆర్‌ఎఫ్‌సీఎల్ బొగ్గు ముట్టుకోదు. కాకినాడ దగ్గరి మల్లవరం నుంచి పైపులైనులో వచ్చే గ్యాసుతో నడుస్తుంది. పక్కనే బొగ్గుబాయి ఉన్నా కొనేవాడు జారిపోతాడనడానికి పెద్దపల్లి జిల్లాలో ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

2000లో నియంత్రణ తొలగాక ధర నిర్ణయం సంస్థ చేతికొచ్చింది. చాలా గ్రేడుల్లో సింగరేణి బొగ్గు కోల్ ఇండియా బొగ్గు కంటే ఖరీదు. ఉత్పత్తిలో సింహభాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తున్నా, భూగర్భ గనుల ఖర్చు, వాటిలోని కార్మికుల జీతాలు ఆ ధరే మోయాలి. గని పక్కనే ఉన్న పవర్‌హౌస్‌కు రైలు కిరాయి కలిసొస్తుంది కాబట్టి అది ఎక్కడికీ పోదని వాదించేవారున్నారు. ఎన్‌టీపీసీ రామగుండం 2,600 మెగావాట్ల కేంద్రానికి సొంత రైలు మార్గంలో బొగ్గు చేరుతుంది. ఆ వాదనలో బలముంది, కానీ అది లెక్కలో సగాన్నే చూస్తుంది. కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంలు మెరిట్ ఆర్డర్ ప్రకారం తక్కువ ఇంధన ఖర్చున్న కరెంటునే ముందు తీసుకుంటాయి. బొగ్గు ధర పెరిగితే విద్యుత్ కేంద్రం వేరేచోట కొనదు, తక్కువ నడుస్తుంది. దాంతో గనికి వచ్చే ఆర్డరూ తగ్గుతుంది. ఒపెక్‌కు పదేళ్లకు ఎదురైన ఫలితం ఇక్కడ మరుసటి రోజు షెడ్యూలులోనే కనబడవచ్చు.

పైగా ధరంతా సంస్థ ఇష్టం కాదు. 2010లో టన్నుకు 50 రూపాయలున్న కేంద్ర సెస్సు 2016 నాటికి 400 అయింది. 2025 సెప్టెంబరులో దాన్ని ఎత్తేసి జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. సూర్యుడు రాత్రి వెలగడు, కాబట్టి బొగ్గుకు ఢోకా లేదన్న మాట ప్రస్తుతానికి సరైనదే. 2022 వేసవిలో దేశమంతా బొగ్గు కోసం వెంపర్లాడింది కూడా. అయితే ఆ ఏడాది జులైలోనే ఎన్‌టీపీసీ రామగుండం జలాశయంపై తేలే 100 మెగావాట్ల సౌర ఫలకాలు పూర్తిగా పనిలోకి వచ్చాయి. పగటి కరెంటులో బొగ్గు వాటా తగ్గితే, స్థిర ఖర్చులు మిగిలిన టన్నులపై పడి ధర ఇంకా పెరుగుతుంది. ఈ చక్రాన్ని సంస్థ గుర్తించినట్టే ఉంది: 2016లో రామగుండం సమీపంలోని జైపూర్‌లో 1,200 మెగావాట్ల సొంత విద్యుత్ కేంద్రం నడిపి తన బొగ్గుకు తానే కొనుగోలుదారైంది, ఆపైన రామగుండం-3 ఏరియాలో సౌర ఫలకాలు పరిచి గనుల కరెంటు బిల్లు తగ్గించుకునే పనిలో పడింది.