తేనెపెట్టె కథ: ఎంత తీసుకోవాలి, ఎంత వదలాలి?

రెండెకరాల పొలం ఉంది, గట్టు మీద నాలుగు తేనెపెట్టెలు పెట్టుకుందాం అనుకుంటున్నారా? పెట్టుకోండి. కానీ ముందు ఆ పెట్టె ఎలా పుట్టిందో ఒక్కసారి వినండి. మీకు పనికొచ్చే పాఠం అందులోనే ఉంది.

పాతకాలంలో తేనె తియ్యడం అంటే పట్టు కోసి పిండెయ్యడమే. యూరప్‌లో గడ్డితో అల్లిన బుట్టల్లో ఈగల్ని పెంచేవాళ్ళు. తేనె కావాల్సి వస్తే చాలాచోట్ల గంధకం పొగపెట్టి బుట్టలో ఈగలన్నిటినీ చంపేసేవాళ్ళు. అంటే తేనె కావాలంటే ఈగ చావాలి. అదీ అప్పటి లెక్క.

ఈ లెక్క మార్చింది అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టర్. ఆరు నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల సందు ఉంటే ఈగలు దాన్ని దారిగా వదిలేస్తాయి. తక్కువైతే జిగురుతో మూసేస్తాయి, ఎక్కువైతే అక్కడ పట్టు కట్టేస్తాయి. 1851లో ఆయన సరిగ్గా ఆ సందు వదిలి, పెట్టెలో చెక్క ఫ్రేములు వేలాడదీశాడు. 1852లో పేటెంట్ వచ్చింది. ఇక ఫ్రేమ్ పైకి తియ్యొచ్చు, తేనె తీసుకుని మళ్ళీ లోపల పెట్టెయ్యొచ్చు. ఈగ చావక్కర్లేదు!

బాగుంది కదా? కానీ ఇక్కడే మెలిక. మూత తియ్యడం తేలికైంది కాబట్టి మాటిమాటికీ తియ్యడం మొదలైంది. తేనె మొత్తం లాగేసి, బదులుగా పంచదార పాకం పెట్టడం అలవాటైంది.

ఫ్రాన్స్‌లో వారే అనే ఒక ఫాదర్ దీనికి ఎదురు దారి పట్టాడు. ఆయన చేసిన పెట్టెకి పెట్టిన పేరు 'ప్రజల పెట్టె'. అందులో ఫ్రేములుండవు, పైన బద్దలు మాత్రమే. పట్టు ఈగలే కట్టుకుంటాయి. కొత్త గదిని కింద చేరుస్తారు, తేనె పై గదిలోంచి తీస్తారు. మూత తరచుగా తియ్యకపోతే లోపలి వేడి బయటికి పోదు. పేదవాడు కూడా తక్కువ ఖర్చుతో ఈగల్ని పెంచుకోవాలన్నదే ఆయన ఆలోచన.

మరి మన సంగతి? మనది పుట్టతేనెటీగ. సైజులో చిన్నది, గుంపూ చిన్నదే. అందుకే 1910ల్లో ఫాదర్ న్యూటన్ దక్షిణ భారతంలో దీనికోసం చిన్న పెట్టె తయారుచేసి, పల్లె జనానికి పెంపకం నేర్పించాడు. 1960ల్లో ఉత్తరాదిలో యూరప్ ఈగ వచ్చి స్థిరపడింది. అది తేనె ఎక్కువ ఇస్తుంది, నిజమే. కానీ వర్రోవా అనే పురుగు దాన్ని పీల్చేస్తుంది. అదే పురుగుని మన ఈగ ఒంటి మీద నుంచి దులిపేసుకుంటుంది. అలాగని మన ఈగకి ఏ రోగమూ రాదనుకోకండి. 1990ల మొదట్లో థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్ వచ్చి దక్షిణాదిలో లెక్కలేనన్ని గూళ్ళు ఖాళీ అయిపోయాయి.

ఇంకో మాట. మన ఈగకి ఆకలేసినా, విసుగొచ్చినా పెట్టె వదిలేసి గుంపు మొత్తం లేచిపోతుంది. వానాకాలంలో పూలు తక్కువ. అప్పటికి దాని తిండి దానికి మిగలాలి. కాబట్టి మూత వేసిన పట్టులోంచి కొంతే తియ్యండి, మిగతాది వదిలెయ్యండి. ఆ ఈగలు మీ పొద్దుతిరుగుడు చేలో, గుమ్మడి పాదుల మీద వాలితే వచ్చే దిగుబడి కూడా లెక్కలో వేసుకోండి.

పెట్టె మనది కావచ్చు. అందులో ఉండాలా వద్దా అన్నది మాత్రం ఈగ ఇష్టం.